పాత లెన్సుల లోపలి లోపములు: ఒక పరిశీలన

నాగార్జునసాగరపు ఎడమ కాలువకు 1967 ఆగస్టులో నీరు వదలిన నాటినుండి మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల మెట్టచేలు మాగాణులైనవి. అంతకు కొలది సంవత్సరముల ముందే మూసీ ప్రాజెక్టు సూర్యాపేట చుట్టుపట్ల పొలములను తడిపినది. వరి వచ్చినది, వరివెంట మిల్లులు వచ్చినవి, మిల్లులవెంట జనుల చేతిలో నాలుగు డబ్బులాడి, ఆ డబ్బుతో పెండ్లిండ్లు పెద్దవైనవి. హైదరాబాదు–విజయవాడ రహదారిమీద సూర్యాపేటనుండి కోదాడకు పోవువారికిని, కోదాడనుండి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు మరలువారికిని ఇరుప్రక్కల పొలములు, నడుమనడుమ మిల్లుల పొగగొట్టములు, ఊరి పొలిమేరలలో ఫంక్షన్ హాళ్లు కనబడుచునే యుండును. ఈ మూడును ఇక్కడి ఫొటోగ్రాఫరునకు అన్నము పెట్టుచున్నవి; ఈ మూడే అతని లెన్సులను లోలోపల చెరచుచున్నవి. పొలము తేమనిచ్చును, మిల్లు ధూళినిచ్చును, పెండ్లిపందిరి పసుపుపొడిని, హోమధూమమును ఇచ్చును. కావున పాత లెన్సును కొనుటకు ముందు దాని లోపలి లోపములను ఎట్లు తూచవలెనను ప్రశ్న ఈ మూడు పట్టణములవారికి ఊసుపోక ప్రశ్న కాదు; ఒక కుటుంబపు సంపాదనతో ముడిపడిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు నేడు ప్రాముఖ్యము హెచ్చుటకు వేరొక కారణము గలదు. నికాన్ 1959లో నెలకొల్పిన ఎఫ్ మౌంటును, కెనాన్ 1987లో తెచ్చిన ఈఎఫ్ మౌంటును చిరకాలము స్టూడియోల నేలినవి. 2018లో ఆ రెండు సంస్థలును మిర్రర్‌లెస్ కెమెరాలకై జెడ్, ఆర్‌ఎఫ్ అను క్రొత్త మౌంట్లను వెలువరించిన తరువాతను, అంతకుముందే 2010లో ఆ దారి పట్టిన సోనీ పెండ్లి ఫొటోగ్రఫీలో పాదూనిన తరువాతను, స్తోమతగల స్టూడియోలవారు తమ పాత లెన్సులను విడుచుచున్నారు. చదువు ముగించి ఈ వృత్తిలో అడుగిడు పల్లెటూరి యువకులు అవే లెన్సులను కొనుచున్నారు. 50, 85 మిల్లీమీటర్ల ప్రైములు, 18–55 కిట్ లెన్సులు, 24–70, 70–200 జూములు చేతులు మారుచున్నవి. కొందరు హైదరాబాదు కోఠి దుకాణములకు పోయి తెచ్చుకొందురు. మరికొందరు ఫోనులో బొమ్మలు చూచి, బస్టాండు దగ్గరనో, రహదారి ప్రక్క హోటలులోనో కలిసికొని, టీ త్రాగునంతసేపటిలో బేరము ముగింతురు. ఆ కాస్తసేపటిలో ఏమి చూడవలెను, చూచినదానికి ఎంత విలువ కట్టవలెను అనునదియే ఇచ్చటి విచారణ.

లోపము కంటికి ఎంత వికారముగ కనబడుచున్నదను ప్రశ్న ఒకటి. అది చిత్రమును ఎంత చెరచునను ప్రశ్న వేరొకటి. ఈ రెంటిని ఒకటిగ ఎంచినందువలననే కొనువారిలో పలువురు మంచి లెన్సులను విడిచి చెడ్డ లెన్సులను ఇంటికి తెచ్చుకొనుచున్నారు. నా దృష్టిలో ప్రతి లోపమును మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను: ఇది ఉన్నచోటనే ఉండునా, పెరుగునా? కాంతిమార్గమున ఇది ఏ తావున నున్నది? ఇది కాంతిలో కొంత భాగమును అడ్డగించి ఊరకుండునా, లేక ఆ కాంతిని చిత్రమంతట వెదజల్లునా? ఈ మూడింటికి సమాధానము దొరకినచో ధర తనంతట తానే తేలును.

మొదట ధూళి సంగతి. ఫోను టార్చిని లెన్సు వెనుకనుండి వేసి ముందునుండి తొంగిచూచిన యెడల, నిన్న పెట్టె విప్పిన క్రొత్త లెన్సులో సైతము కొన్ని కణములు మెరయును. జూము లెన్సు సాగునప్పుడు వెలుపలి గాలిని లోనికి పీల్చును, ముడుచుకొనునప్పుడు వదలును. గాలితోపాటు వచ్చిన ధూళిలో కొంత లోపలనే నిలుచును. రెండేండ్ల కొకసారి దురాజ్‌పల్లిలో జరుగు పెద్దగట్టు లింగమంతుల జాతరలో ఒక దినము పనిచేసిన 24–70 లెన్సులో ఎఱ్ఱమట్టి రేణువులు లేకున్న ఆశ్చర్యపడవలెను గాని, ఉన్న ఆశ్చర్యపడవలసినది లేదు. అవి చిత్రమునకు చేయు కీడెంత? ఎఫ్ 1.8 అపర్చరుగల 50 మిల్లీమీటర్ల లెన్సులో కాంతి ప్రవేశించు వలయపు వ్యాసము దాదాపు 28 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు వ్యాసముగల కణము, అనగా కంటికి స్పష్టముగ అగపడు పెద్ద కణము, ఆ వైశాల్యమున 3,000 భాగములలో ఒక భాగము మాత్రమే. అంతమాత్రపు కాంతి తగ్గిన సంగతిని ఏ కన్నును కనిపెట్టజాలదు. అయితే అదే లెన్సు అపర్చరును ఎఫ్ 16కు మూసినచో వలయపు వ్యాసము మూడు మిల్లీమీటర్లకు కుదించుకొనిపోయి, ఆ కణము తన భాగమును 40లో ఒకటికి పెంచుకొనును. కావుననే ఒకే లోపము పెండ్లిమండపములో తెరచిన అపర్చరుతో తీసిన చిత్రమున జాడలేకపోయి, మిట్టమధ్యాహ్నమున పిల్లలమఱ్ఱి దేవాలయముల యెదుట మూసిన అపర్చరుతో తీసిన చిత్రమున మసకగ తలయెత్తవచ్చును.

తావును గూర్చిన విచారమును ఇందుండియే పుట్టుచున్నది. ముందు అద్దముమీది మచ్చ ఫోకసునకు మిక్కిలి దూరమున నున్నందున దాని రూపము చిత్రమున పడదు. వెనుక అద్దము సెన్సరునకు సమీపమున నుండును. చిత్రమందలి ఒక్కొక్క బిందువునకు పోవు కిరణములు ఆ అద్దమున చిన్న భాగముగుండ మాత్రమే సాగును. అందుచేత వెనుక అద్దమున నున్న గీత గాని, మచ్చ గాని, విశేషించి తక్కువ ఫోకల్ దూరముగల వైడ్ లెన్సులలో, ఏదో యొక మూల మసకను మిగుల్చును. ముందు అద్దముమీద నాలుగు గీతలున్న లెన్సునకు ధర తగ్గించి కొనవచ్చును. వెనుక అద్దమున నడుమ ఒక్క లోతైన గీత యున్నను పరీక్షాచిత్రము తీయకుండ కొనరాదు. మన కొనుగోలుదార్లు ముందు అద్దమును పదిసార్లు త్రిప్పి చూతురు. వెనుక మూత తీసి చూచువారు తక్కువ.

చిత్రమున కనబడు స్పష్టమైన నల్లచుక్కలనుగూర్చి ఒక మాట. ఆకాశమును ఎఫ్ 16 వద్ద తీసినప్పుడు అంచు తెలియు చుక్క కనబడినచో అది లెన్సులోని ధూళి కాదు, కెమెరా సెన్సరుమీది ధూళి. లెన్సు మార్చి చూచినను ఆ చుక్క అదేచోట నుండును. ఈ చిన్న సంగతి తెలియక నిరపరాధియైన లెన్సును తిప్పి పంపినవారును, అట్టిదాని ధరను అన్యాయముగ దించినవారును కలరు.

గీతలకంటె పూతను గూర్చి హెచ్చుగ ఆలోచింపవలెను. పూతలేని అద్దపు ప్రతి తలమునుండియు నూటికి నాలుగు పాళ్ల కాంతి వెనుకకు మరలును. కెనాన్ వారి రెండవతరము 24–70 ఎఫ్ 2.8 లెన్సులో 13 గుంపులుగ 18 కటకము లున్నవి. గాలిని తాకు తలములు 26. పూతయే లేకున్న వచ్చిన కాంతిలో ఇంచుమించు మూడింట ఒక వంతు మాత్రమే తిన్నగా సెన్సరును చేరును. తక్కినది వెనుకకు మరలునదియు, లోపల తలమునుండి తలమునకు పరావర్తనము చెందుచు చిత్రమును పాలిపోవజేయునదియు అగును. 19వ శతాబ్దపు చివర ఇంగ్లండులో హెరాల్డ్ డెన్నిస్ టేలర్ అను కటకశిల్పి, కాలక్రమమున మసి పట్టినట్లు రంగు మారిన పాత కటకములు క్రొత్తవానికంటె ఎక్కువ కాంతిని పోనిచ్చుచున్నవని గమనించి విస్మయపడెను. ఆ మార్పును కృత్రిమముగ కలిగించు పద్ధతికి 1904లో పేటెంటు పొందెను. 1935లో జర్మనీలోని జైస్ సంస్థయందు అలెగ్జాండర్ స్మకులా శూన్యమున లవణమును ఆవిరిచేసి అద్దముమీద పలుచని పొరగా నిలుపు విధానమును కనిపెట్టగా, నేటి పూతలన్నియు ఆ మార్గముననే వృద్ధిపొందినవి. చూపునకు చెడినట్లున్న కటకమే నిజమునకు మేలైనదని టేలరు కనుగొన్న ఈ చరిత్ర, కంటిని మాత్రము నమ్మి తీర్పు చెప్పువారికి గొప్ప హెచ్చరిక. ముందు అద్దమును పంచెకొంగుతోను, చొక్కా అంచుతోను ఏండ్లతరబడి తుడిచిన లెన్సును ట్యూబులైటు క్రింద వాలుగా పట్టుకొని చూడుడు: ఊదా, ఆకుపచ్చ కాంతులు సమముగ పరచుకొనక, నడుమ వెలవెలబోయి, వలయాకారమున సన్నని గీతలు వేలకొలది కనబడును. అట్టి లెన్సు నీడలో తీసిన చిత్రమున చక్కగనే యుండును, ఎదురువెలుగులో తేలిపోవును.

ఇక శిలీంధ్రము, మనవారు ఫంగసు అనునది. ఈ ప్రాంతపు లెన్సులకు ఇది అన్నిటికంటె పెద్ద వ్యాధి గావున ఇచ్చట కొంత నిలిచి చూడవలెను. గాలిలో తేమ నూటికి 70 పాళ్లకు మించి మూడు దినములకు పైగ నిలుచుట, చీకటి, గాలి కదలిక లేకుండుట, 10నుండి 35 డిగ్రీల వేడిమి, తినుటకు కొంచెము ధూళియో నూలుపోగో చేతిజిడ్డో ఉండుట: ఇవి దాని ఉత్పత్తికి అనుకూలములని జైస్ సంస్థవారే చెప్పియున్నారు. ఇప్పుడు మన పంచాంగమును చూడుడు. ఆషాఢము శూన్యమాసము, పెండ్లిండ్లు లేవు. శ్రావణమున కొన్ని ముహూర్తములు గడచిన పిదప భాద్రపదము మరల శూన్యము. సరిగా ఆ మాసములలోనే వానలు పడును, కాలువలు నిండును, ఇంటిచుట్టు నాట్లు వేసిన పొలములు నీటితో నిలుచును. సరిగా ఆ మాసములలోనే పనిలేని కెమెరా సంచి జిప్పు మూసుకొని బీరువాలో బట్టల నడుమ చీకటిలో పడియుండును. పై షరతులలో ఒక్కటియు తప్పిపోలేదు. వైశాఖ జ్యేష్ఠములలో పెండ్లిపందిట అంటిన చెమటయు, పసుపును, నెయ్యి కలిసిన హోమధూమపు జిడ్డును ఆ శిలీంధ్రమునకు సిద్ధాన్నము. కార్తీకమున ముహూర్తములు మొదలై సంచి తెరచిన నాడు లోపల సన్నని పోగులు చీలిచీలి, అంచునుండి నడుమకు ప్రాకుచు కనబడును.

రెండవ ప్రపంచయుద్ధమున న్యూగినీ అడవులలో పోరాడిన ఆస్ట్రేలియా సేనల దుర్భిణులు, తుపాకుల గుఱిచూపు యంత్రములు ఇట్లే శిలీంధ్రముచేత పాడగుచుండగా, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞులు నివారణోపాయమునకై పరిశోధనలు సాగించిరి. ఉష్ణదేశములందలి తేమ కటకశిల్పమునకు ఎంతటి శత్రువో యుద్ధకాలమున పెద్ద రాజ్యములకు తెలియవచ్చినది. ఈ శిలీంధ్రము అద్దమును తినదు. అద్దముమీది జిడ్డును, ధూళిని తినును. కాని జీవించుచు ఆమ్లములను స్రవించును. ఆ ఆమ్లములు మొదట పూతను, పిదప అద్దమును కొరుకును. అందుచేత శిలీంధ్రమునందు రెండు దశలను వేరుచేసి చూడవలెను. తొలిదశలో అది తలముమీద పోగుమాత్రమే. లెన్సును విప్పి, తగిన ద్రవముతో తుడిచినచో జాడ మిగులదు. రెండవ దశలో పోగు పోయినను దాని రూపము అద్దమున చెక్కినట్లు నిలిచిపోవును. టార్చి వెలుగులో ఈ రెండు దశలకు భేదము తెలియుట కష్టము. అది విప్పి తుడిచిన తరువాతగాని బయటపడదు. కొనువాడు ఆ జూదమును తన సొమ్ముతో ఆడుచున్నాడని తెలిసికొనవలెను.

ఒక లెన్సునందలి శిలీంధ్రము ప్రక్క లెన్సుల కంటునా అను విషయమున నిపుణులలో రెండు పక్షములున్నవి. అంటునని చెప్పువారు అట్టి లెన్సును ఇంటి గడప దాటనీయరు. బీజరేణువులు గాలియందంతట ఉండనే యున్నవి గావున, తేమ లేనిచోట ఏదియు మొలకెత్తదని రెండవ పక్షము. నాకు రెండవ పక్షమే యుక్తముగ తోచుచున్నది. అయినను జీవించియున్న శిలీంధ్రముగల లెన్సును శుభ్రము చేయించువరకు వేరుగ నుంచుట వివేకము, ఏలయన మన ఇండ్లలో తేమ లేనిచోటు వానకాలమున దొరకుట దుర్లభము. కొనునప్పుడు లెన్సుతోపాటు దాని సంచినికూడ అడిగి చూడవలెను. సంచినుండి ముక్క వాసన వచ్చినచో, లెన్సు ఎంత తళతళలాడినను, అది ఇటీవలనే తుడువబడినదని అనుమానింపవచ్చును.

శిలీంధ్రమును జూచి భయపడువారు లెక్కలేనంతమంది; మసకను, అనగా వృత్తిలోనివారు హేజ్ అనుదానిని, పట్టించుకొనువారు కొద్దిమంది. నా తీర్పులో మసకయే ఎక్కువ ప్రమాదకరము. లోపలి మరలకు పూసిన గ్రీజు వేడికి కరగి, దాని నూనె సూక్ష్మమైన ఆవిరిగ లేచి, కటకముల లోతలములమీద పలుచని తెరగా పేరుకొనును. నల్లగొండ, సూర్యాపేట సీమలలో వేసవి 45 డిగ్రీలు దాటు దినములుండును. అట్టి దినమున ఎండలో నిలిపిన కారులో సంచి నుంచినచో లోపలి వేడిమి అంతకు మించిపోవును. ఆ తెర పగటివెలుగున కనబడదు. ధూళికణములవలె మెరయదు, శిలీంధ్రమువలె కొమ్మలు వేయదు. కాని చిత్రమునకు వచ్చు ప్రతి కిరణమును కొంచెము కొంచెముగ వెదజల్లును. ఫలితముగ వధువు కురులలోని నలుపు బూడిదరంగు అగును. రిసెప్షను వేదిక వెనుక ఎల్ఈడీ తెర వెలిగిన క్షణమున ముఖముల చాయ పాలిపోవును. ఫొటోగ్రాఫరు కెమెరాను నిందించును, లైటును నిందించును, ఎడిటింగులో నలుపును పెంచి సరిపుచ్చుకొనును; లెన్సుమీదికి మాత్రము అనుమానము పోదు.

దీనిని పట్టుటకు ఉపాయము సులభము. గదిలో దీపములార్పి, లెన్సు అపర్చరును పూర్తిగ తెరచి, టార్చిని వెనుకనుండి నేరుగ కాక కొంచెము ప్రక్కకు వంచి వేయవలెను. నిర్మలమైన లెన్సులో కణములు వేరువేరుగ మెరయుచు వాని నడుమ నలుపు నలుపుగనే యుండును. మసకబారిన లెన్సులో ఒక కటకము మొత్తము పాలరంగున వెలుగును. అంతకంటె మేలైన పరీక్ష కెమెరాతోనే చేయవచ్చును: తెరచిన కిటికీకి ఎదురుగ ఒక నల్లని వస్తువు నుంచి, ప్రక్కన క్రొత్తదో, నమ్మదగినదో అయిన మరియొక లెన్సుతోను, దీనితోను ఒకే ఎక్స్‌పోజరున తీసి, రెంటిలోని నలుపును పోల్చవలెను. ఈ పోలికయందు తేడా వచ్చినచో టార్చి ఏమి చెప్పినను ఆ లెన్సును వదలివేయవలెను. మసక కొన్నిచోట్ల తుడిచిన పోవును; కొన్ని పాత లెన్సులలో అద్దమునే కొరికియుండును. ఏది ఏదో కొనువానికి ముందుగ తెలియదు.

కటకములను జంటగ అతికించిన బంధము విడిపోవుట మరియొక రోగము. పూర్వము ఉత్తర అమెరికాలోని ఒక దేవదారుజాతి వృక్షపు బంక, కెనడా బాల్సము, ఈ పనికి వాడిరి. తరువాత కృత్రిమమైన జిగురులు వచ్చినవి. బాల్సము వేడికి మెత్తబడును, కాలమునకు విరియును. అంచునుండి ఇంద్రధనుస్సు రంగుల వలయములు గాని, వెండిపూత వంటి మచ్చ గాని లోనికి చొచ్చుకొనివచ్చుచున్నచో బంధము విడుచున్నదని గ్రహింపవలెను. దీనిని బాగుచేయుటకు కటకములను విడదీసి, మరల అక్షము తప్పకుండ అతికింపవలెను. ఆ ఖర్చు లెన్సు ధరను మించును. ఇది పెరుగు లోపము. నేటి ఆటోఫోకసు లెన్సులలో ఇది అరుదు. మిర్రర్‌లెస్ కెమెరాకు అడాప్టరు తగిలించి తాతలనాటి మాన్యువల్ లెన్సులను వాడుకొను సరదా ఈ మధ్య హెచ్చినందున చెప్పవలసి వచ్చినది. ఆ జాతి లెన్సులలోనే పసుపురంగు తిరిగినవియు ఉన్నవి. పెంటాక్స్ వారి 50 మిల్లీమీటర్ల సూపర్ టకుమార్ ఎఫ్ 1.4 వంటి కొన్నింటిలో థోరియము కలిపిన అద్దము వాడినందున ఏండ్లు గడచినకొలది ఆ రంగు వచ్చును. అతినీలలోహిత కాంతిలో కొన్ని దినములుంచినచో చాలవరకు విరిగిపోవును. పాత అద్దములో గాలిబుడగలును, కటకపు అంచున నల్లరంగు పెచ్చులు లేచి తెల్లని చుక్కలగుటయు చిత్రమునకు ఏమాత్రమును కీడు చేయవు. వానిని చూపి ధర దించుకొనుట కొనువాని అదృష్టము.

అపర్చరు రెక్కలమీద నూనె జారియున్నదా అని చూచుట మరువరాదు. నికాన్ వారి 55 మిల్లీమీటర్ల మైక్రో ఎఫ్ 2.8 ఈ దోషమునకు పేరుపడినది. నికాన్ ఎఫ్ మౌంటు లెన్సులు కెమెరానుండి తీసినప్పుడు రెక్కలు మూసికొనియుండును; వెనుకనున్న చిన్న మీటను వ్రేలితో నొక్కి వదలినచో అవి తక్షణము తెరచుకొని తక్షణము మూసికొనవలెను. రెక్కలు బద్ధకించినచో నూనె అంటినదన్నమాట. కెనాన్ ఈఎఫ్ లెన్సులు విప్పినప్పుడు తెరచియే యుండును గనుక కెమెరాకు తగిలించి, ఎఫ్ 2.8 మొదలు ఎఫ్ 16 వరకు వెలుగు సమముగ నుండునట్లు షట్టరు మార్చుచు తీసి, చిత్రముల ప్రకాశమును పోల్చవలెను. మూసిన అపర్చరున తీయగనే ఎర్రర్ 01 అని కెమెరా మొరాయించినచో రెక్కలకు పోవు రిబ్బను తీగ తెగియుండవచ్చును. 24–105 ఎఫ్ 4 మొదటితరము లెన్సునకు ఇది ఎరిగిన జబ్బే. తెరచిన అపర్చరున అంతయు చక్కగ నడచును గావున అమ్మువానికే ఈ సంగతి తెలియకపోవచ్చును.

క్రిందపడిన లెన్సును, విప్పి బిగించిన లెన్సును కనిపెట్టుట వేరొక విద్య. లోపల కటకము వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినను చిత్రమున ఒక ప్రక్క పదునుగను, వేరొక ప్రక్క మెత్తగను వచ్చును. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఉదయమున అంగళ్లు తెరువకముందు ఏ వీధియందైనను మూసిన ఇనుప షట్టరు దొరకును; దానికి సరిగ ఎదురుగ, సమాంతరముగ నిలిచి, తెరచిన అపర్చరుతో తీసి, నాలుగు మూలలలోని అడ్డగీతలను పెద్దవిచేసి చూడవలెను. నాలుగు మూలలును సమముగ మెత్తనైనచో అది ఆ లెన్సు స్వభావము. ఒక్క మూల మాత్రము చెదరినచో అది గాయము. మరల వెలుపలి మరల తలలనుకూడ చూడవలెను. గాట్లు పడిన మరలు, లోపలి అద్దమున వ్రేలిముద్ర, పేరున్న వలయముచుట్టు గీకుళ్లు, ఇవి లెన్సును ఎవరో విప్పిరని చెప్పు సాక్ష్యములు. విప్పుట తప్పు కాదు; మంచి పనివాడు విప్పిన లెన్సు క్రొత్తదానివలె పనిచేయును. విప్పలేదని చెప్పుట తప్పు.

వీటన్నిటికి మించి నేను నమ్ము పరీక్ష ఒకటి గలదు. దానికి రాత్రియు, దూరమున ఒక దీపమును చాలును. కోదాడ దగ్గర రహదారి ప్రక్క నిలిచి, అల్లంత దూరమున వెలుగు ఒంటరి దీపముమీద లెన్సును గుఱిపెట్టి, అపర్చరును పూర్తిగ తెరచి, ఆటోఫోకసును ఆపివేసి, చేతితో ఫోకసును తప్పించినచో ఆ దీపము తెరమీద పెద్ద కాంతిబింబమగును. ఆ బింబములో లెన్సు లోపలి సమస్తమును అచ్చుపడును. ధూళికణములు చిన్న వలయములుగను, శిలీంధ్రము కొమ్మలుగను, లోతైన గీత గీతగను కనబడును; కటకము ప్రక్కకు జరిగియున్నచో బింబము గుండ్రదనము తప్పి ఒక ప్రక్కకు లాగినట్లుండును; మసకబారినచో బింబపు అంచుదాటి చుట్టు తెల్లని వెలుగు పరచుకొనును. టార్చి పరీక్ష లోపమును ఎక్కువచేసి చూపును, సాధారణ చిత్రము తక్కువచేసి చూపును. ఈ బింబము ఏది కాంతిమార్గమున నున్నదో దానినే చూపును. మునిమాపువేళ హోటలు యెదుట బేరమాడుచున్నప్పుడు, "అన్నా, లోపట కొంచెం డస్టే ఉంది, ఫొటోల ఏం కనబడదు" అని అమ్మువాడు అన్నచో, అతనిని అబద్ధికుడనక, కెమెరాకు లెన్సు తగిలించి, వీధిదీపమువైపు తిప్పి, ఇద్దరును తెరను కలిసి చూడవలెను. అతడు చెప్పినది నిజమే కావచ్చును. నిజమైనచో అతనికి తగిన ధర నిచ్చుట ధర్మము. కొమ్మలు కనబడినచో అతడే ధర దించును.

జూము లెన్సు నూపినప్పుడు లోపల టకటకలాడినచో బెదరనక్కరలేదు. స్టెబిలైజరుగల లెన్సులు పలువిధములవి కరెంటు లేనప్పుడు అట్లే చప్పుడు చేయును. కెమెరాలో పెట్టి షట్టరు సగము నొక్కినప్పుడు తెరమీద దృశ్యము నిలకడగ నిలిచినచో ఆ భాగము చక్కగనే యున్నది. దృశ్యము వణకినను, గెంతినను కొనవద్దు. ఆటోఫోకసు మోటరు దగ్గరనుండి దూరమునకు, దూరమునుండి దగ్గరకు తడబడక పోవుచున్నదా అని వెలుగు తక్కువగ నున్నచోట పరీక్షించుట మంచిది. ఎండలో అన్ని మోటర్లును చురుకుగనే తిరుగును.

నా తీర్పును ఇక దాచను. ధూళి యున్న లెన్సును నిర్భయముగ కొనవచ్చును. ముందు అద్దమున గీతలున్నదానిని ధర తగ్గించి కొనవచ్చును. ఎదురువెలుగులో పని తక్కువగల వారికి అది మేలైన బేరముకూడ. శిలీంధ్రము అంచుననే యుండి, విప్పి తుడుచు ఖర్చు తీసివేసిన పిదపను ధర సమ్మతమైనచో, ఆ పని తెలిసిన మనిషి అందుబాటులో నున్నచో మాత్రమే కొనవలెను. నడుమకు ప్రాకినదానిని, అతికిన కటకముల నడుమ చొచ్చినదానిని ఎంత చౌకకైనను కొనరాదు. వెనుక అద్దమున లోతైన గాయము, బంధము విడిన కటకము, ఒక మూల చెదరిన చిత్రము, ఇవి మూడును తిరస్కరింపదగినవి. మసకబారిన లెన్సును పెండ్లిపని చేయువారు ఏ ధరకును తీసికొనరాదు. వారి కూలి మొత్తము ఆ నలుపుమీద, ఆ రంగులమీద ఆధారపడియున్నది. శూన్యమాసములలో చేతిలో పని లేనప్పుడు లెన్సులను వారమున కొకసారియైన సంచినుండి తీసి, వెలుగు తగులు గదిలో జూమును, ఫోకసును నాలుగుసార్లు త్రిప్పి, సిలికా జెల్ పొట్లములతో గట్టి మూతగల డబ్బాలో పెట్టుకొన్నవారికి అమ్ము దినమున మంచి ధర వచ్చును.

కొనువారికి ఒక విన్నపము. పాత లెన్సును ముహూర్తమునకు ముందుదినము కొనకుడు. కనీసము ఒక ఆదివారము మీచేతిలో నుండునట్లు చూచుకొని, ఇంటివారి ముఖములను, కిటికీ వెలుగును, రాత్రి వీధిదీపమును దానితో తీసి, వానిని ఫోనులో కాక పెద్ద తెరమీద చూచి, లోపమున్న తిరిగి తీసికొందునను మాట అమ్మువానినుండి ముందే పుచ్చుకొనుడు. ఆ పరీక్షలో నెగ్గిన తరువాతనే ఒకరి పెండ్లికి దానిని తీసికొనిపోవుడు.